చేతులు మారే నమ్మకం

సొంత వస్తువుపై మమకారం, అద్దె వస్తువుపై అనుమానం మానవునికి సహజం. సొంత ఇంటి గోడకు మేకు కొట్టేటప్పుడు పదిసార్లు ఆలోచించే చేయి అద్దె ఇంటి గోడ ముందు అంతగా ఆలోచించదు. అద్దెకు తెచ్చినది నమ్మదగినది కాదని లోకం భావించడానికి కారణం ఆ వస్తువులోనే ఉన్నదా, లేక దానిని వాడే చేతులలో ఉన్నదా? ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి ఈ ప్రశ్న రెండు రోజుల ప్రయాణంలో ఎదురైంది.

ఆయన హైదరాబాదులో నివసిస్తారు. ఎనభై రెండేళ్ల తల్లికి శ్రీశైల మల్లన్నను మరొక్కసారి దర్శించాలని కోరిక. బస్సు మెట్లు ఎక్కడానికి ఆమె మోకాళ్లు సహకరించవు. ఇంట్లో ఒకప్పుడు ఉండిన అంబాసిడర్ కారును అమ్మి చాలాకాలమైంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుమార్తె ఒక ఉపాయం చెప్పింది. "నాన్నా, మనమే నడుపుకొనే అద్దె కారు తీసుకుందాం. నీకు అలవాటే కదా!" ఆయన అయిష్టంగానే అంగీకరించారు.

మరునాడు తెల్లవారుజామున ఇంటి ముందు ఒక చిన్న కారు నిలిచింది. దాని నంబరు పలకపై నల్లని నేల, పసుపుపచ్చని అక్షరాలు. సొంత వాహనాలకు తెల్లని పలకపై నల్లని అక్షరాలు, టాక్సీలకు పసుపు పలకపై నల్లని అక్షరాలు ఉన్నట్లే, అద్దెకు తీసుకొన్నవారు స్వయంగా నడుపుకొనే వాహనాలకు ఇది గుర్తు. మన దేశంలో ఇటువంటి అద్దె వాహనాలకు 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ పథకం దారి వేసింది. ఆ పలకను చూడగానే ఆయన మనస్సులోని అనుమానం మరింత బలపడింది. ఎందరి చేతులలో పడి వచ్చినదో! ఆపైన ఇంత చిన్నది! సుమారు 4.3 మీటర్ల పొడవుతో గజరాజువలె సాగిన అంబాసిడర్‌ను నడిపిన వ్యక్తి ఆయన. "ఇది కారా, అగ్గిపెట్టెనా?" అని చిన్నగా నవ్వారు.

అయినా జాగ్రత్తపరుడు కనుక కారు చుట్టూ తిరిగి, తలుపుల మీద, బంపర్ల మీద ఉన్న గీతలనన్నింటిని కుమార్తె చేత ఫోటోలు తీయించారు. పాత గీతలకు తమను బాధ్యులను చేసి బయానా సొమ్ములో కోత పెట్టకూడదని ఆయన ముందుచూపు. కారు తెచ్చిన యువకుడూ ఆ గీతలనే లెక్కించి కాగితంపై సంతకం తీసుకొన్నాడు. ఇద్దరూ రంగును పరీక్షించారు. కారును మోసే చక్రాల వంక ఎవరూ చూడలేదు.

తలుపు తెరిచిన తరువాత మొదటి ఆశ్చర్యం తల్లి రూపంలో ఎదురైంది. అంబాసిడర్‌లో కూర్చోవడానికి వంగి, ఒదిగి, ఒకరి చేయి పట్టుకోవలసి వచ్చిన ఆ వృద్ధురాలు ఈ కారులో ఎత్తయిన సీటుపై కుర్చీలో కూర్చున్నంత సులభంగా కూర్చొన్నది. కాళ్లు చాపుకోవడానికి చోటు మిగిలింది. బయటికి చిన్నదిగా కనిపించిన వాహనంలో ఇంత చోటు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు సమాధానం ఆరు దశాబ్దాలకు పైగా వెనుక ఇంగ్లండులో ఉన్నది. 1956లో సూయజ్ కాలువ సంక్షోభం వలన ఆ దేశంలో పెట్రోలుకు కరవు వచ్చి రేషను విధించారు. తక్కువ పెట్రోలుతో నలుగురిని మోసే చిన్న కారు కావలసి వచ్చింది. అలెక్ ఇసిగోనిస్ అనే రూపశిల్పికి ఆ బాధ్యత అప్పగించారు. ఆయన మనుషులకు, సామానుకు కావలసిన చోటును మొదట నిర్ణయించి, యంత్రాన్ని మిగిలిన చోటులో ఇమడ్చడానికి పూనుకొన్నాడు. అప్పటివరకు చాలా కార్లలో నిలువుగా ఉండే ఇంజనును అడ్డంగా తిప్పి అమర్చాడు. గేరుపెట్టెను దాని కిందనే ఉంచాడు. శక్తిని ముందు చక్రాలకే ఇవ్వడంతో వెనుకకు సాగే పొడవైన ఇరుసుకడ్డీ అవసరం తప్పింది. చక్రాలను నాలుగు మూలలకు జరిపాడు. ఆ విధంగా 1959లో వెలువడిన 'మినీ' కారు పొడవు కేవలం 10 అడుగులు. అయినా దాని నేలలో 80 శాతం మనుషులకు, సామానుకే దక్కింది. సూత్రకారుడు పదాలను పొదుపు చేసి అర్థాన్ని నిలిపినట్లు, ఆ శిల్పి ఇనుమును పొదుపు చేసి చోటును నిలిపాడు. ఇంజనును అడ్డంగా అమర్చి ముందు చక్రాలను తిప్పే ఆ పద్ధతినే నేటి చిన్న కార్లలో అత్యధికం అనుసరిస్తున్నాయి.

మన దేశంలో చిన్న కారు కథ మారుతితో మలుపు తిరిగింది. 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళం చెవిని దాని యజమానికి అందజేశారు. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజనుతో వచ్చిన ఆ చిన్న వాహనం 2014 ఆరంభంలో ఉత్పత్తి నిలిచిపోయే వరకు 25 లక్షలకు పైగా కుటుంబాలను చేరింది. పరిమాణం చిన్నది కనుక త్వరగా చెడిపోతుందన్న అపోహను తుడిచివేసినది ఆ కారే. ఆ తరువాత 2006 కేంద్ర బడ్జెట్ 4 మీటర్లకు మించని పొడవు, 1200 సీసీలకు మించని పెట్రోలు ఇంజను లేదా 1500 సీసీలకు మించని డీజిలు ఇంజను గల కార్లకు పన్ను తగ్గించింది. కత్తిరించినట్లు కనిపించే వెనుక భాగంతో నేడు వీధులలో తిరిగే అనేక కార్ల ఆకృతికి ఈ 4 మీటర్ల గీతయే కారణం.

కారు నగరాన్ని దాటి శ్రీశైలం రోడ్డు ఎక్కింది. కూడళ్లలో ఆగినప్పుడు మూడు సిలిండర్ల ఇంజను సన్నగా వణికేది. బేసి సంఖ్యలో ఉన్న సిలిండర్ల కదలికలు ఒకదానినొకటి పూర్తిగా సరితూచుకోలేకపోవడమే దానికి కారణం. వేగం అందుకోగానే ఆ వణుకు మాయమయ్యేది. వేలితో తిప్పినా తిరిగే స్టీరింగ్, మెత్తని క్లచ్, ఇరుకు సందులోనూ ఒక్క తిప్పులో మళ్లే గుణం ఆయనను ముచ్చటపరిచాయి. లోపాలూ కనిపించకపోలేదు. ఎదురుగా లారీ దూసుకుపోయినప్పుడల్లా ఆ గాలికి కారు కొంచెం అదిరేది. ముందున్న వాహనాన్ని దాటవలసి వచ్చినప్పుడు గేరు తగ్గించి ఓపిక పట్టవలసి వచ్చేది. తేలిక శరీరానికి తేలిక గుణాలు, తేలిక దోషాలు రెండూ ఉంటాయని ఆయన గ్రహించారు.

కల్వకుర్తిలో టీ కోసం ఆగినప్పుడు కుమార్తె కారు చుట్టూ ఒకసారి నడిచి, వెనుక చక్రం దగ్గర ఆగిపోయింది. "నాన్నా, ఈ టైరు చూశావా?" టైరు పక్కభాగంలో నిమ్మకాయంత ఉబ్బు. ఎదురుగా ఉన్న పంక్చర్ షాపులోని పనివాడు వచ్చి వేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. "సారూ, ఇది ఎప్పుడో గుంతల వడ్డది. లోపల దారాలు తెగినయ్. దీనితోని ఘాట్ ఎక్కొద్దు" అన్నాడు.

టైరు పక్కగోడ లోపల గట్టి దారపు పొరలు ఉంటాయి. గాలి ఒత్తిడిని ఓర్చుకొనేవి అవే. పదునైన గుంత అంచుకు చక్రం బలంగా తగిలినప్పుడు ఆ దారాలు తెగుతాయి. అక్కడ గాలి రబ్బరును బయటికి నెట్టి ఉబ్బు తెస్తుంది. దానికి అతుకు వేయడం కుదరదు. ఏ క్షణంలోనైనా పగిలిపోవచ్చు. డిక్కీ అడుగున ఉన్న స్టెప్నీని తీసి చూస్తే అందులోనూ గాలి సగమే ఉన్నది. అవసరం వచ్చేదాకా దానిని ఎవరూ తలచలేదన్న మాట. అద్దె సంస్థకు ఫోను చేసి, అనుమతి తీసుకొని, అదే కొలత గల కొత్త టైరు వేయించి, స్టెప్నీకి గాలి పట్టించి, రసీదు దాచుకొని బయలుదేరేసరికి గంటన్నర గడిచింది.

ఆ గంటన్నర ఆయన ఒక బల్లపై మౌనంగా కూర్చొన్నారు. ఆ గుంతలో చక్రాన్ని పడవేసిన వ్యక్తికి ఆ చప్పుడు వినిపించే ఉంటుంది. చెబితే సొమ్ము పోతుందని చెప్పకుండా తాళం అప్పగించి వెళ్లి ఉంటాడు. లెక్కల ఉపాధ్యాయుడైన ఆయనకు ఒక గణితం గుర్తుకు వచ్చింది. ఏ ఒక్కటి చెడినా మొత్తం ఆగిపోయే 100 భాగాల యంత్రం ఒకటి ఉన్నదనుకొందాం. ప్రతి భాగమూ చెడకుండా పనిచేసే అవకాశం 99 శాతం అనుకొందాం. అప్పుడు యంత్రం మొత్తం చెడకుండా పనిచేసే అవకాశం 37 శాతం మాత్రమే. వేల భాగాలున్న కారు ఏళ్ల తరబడి నడుస్తున్నదంటే ఒక్కొక్క భాగాన్ని ఎంత నిక్కచ్చిగా తయారు చేసి ఉండాలి! అంతమంది పనివారి నిజాయితీని ఒక్క మనిషి మౌనం వమ్ము చేయగలదు.

మన్ననూరు అటవీ తనిఖీ కేంద్రం దాటి కారు నల్లమలలోకి ప్రవేశించింది. దోమలపెంట తరువాత రోడ్డు మలుపులు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగుతుంది. ఆయన బ్రేకు మీదనే భారం వేయక, రెండవ గేరులో ఇంజను పట్టుతోనే కారును దింపారు. ఎడతెగక తొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు సడలుతుందని ఆయనకు తెలుసు. ఎక్కడా ఉలికిపాటు లేకుండా ఆ చిన్న కారు ప్రతి మలుపులోనూ చెప్పిన మాట విన్నది. వెనుక సీటులో తల్లి కిటికీలోంచి కృష్ణమ్మకు చేతులు జోడించింది. ఉదయం అగ్గిపెట్టె అన్న మాటను ఆయన మనస్సులోనే వెనుకకు తీసుకొన్నారు.

దర్శనం నిర్విఘ్నంగా జరిగింది. మరునాడు తిరుగు ప్రయాణానికి కారును వెనుకకు తీస్తుండగా ముందు ఎడమ చక్రం ఒక రాతి గట్టుకు గట్టిగా తగిలింది. దిగి చూస్తే గీత లేదు, సొట్ట లేదు, ఉబ్బు లేదు. కాని రహదారి మీదికి వచ్చాక స్టీరింగును వదులుగా పట్టుకొంటే కారు కొంచెం ఎడమకు లాగుతున్నదని ఆయన చేతులకు తెలిసింది. చక్రాల అమరికలో తేడా వచ్చింది. సరిచేయకపోతే టైరు ఒక పక్కనే అరిగిపోతుంది. దారి పొడవునా నెమ్మదిగా నడుపుతూ సాయంత్రానికి ఇల్లు చేరారు.

కారు తీసుకుపోవడానికి వచ్చిన యువకుడు నిన్నటివలెనే చుట్టూ తిరిగి గీతలు లెక్కించాడు. కొత్త టైరు రసీదు చూసి ఆ సొమ్ము ఇచ్చివేస్తామన్నాడు. "అంతా బాగున్నది సార్, సంతకం చేయండి" అని కాగితం చాచాడు. ఆయన కలం పట్టుకొని ఒక్క క్షణం ఆగారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బయానా సొమ్ము మొత్తం చేతికి వస్తుంది. కుమార్తె తండ్రి ముఖంలోకి చూస్తూ నిలబడింది, ఏమీ అనలేదు.

ఆయన కాగితం అడుగున స్పష్టంగా రాశారు: "ముందు ఎడమ చక్రం రాతి గట్టుకు తగిలింది. కారు ఎడమకు లాగుతున్నది. మరొకరికి ఇచ్చేముందు పరీక్షించండి." యువకుడు ఆశ్చర్యపడి, బయానాలో కొంత పట్టుకోవలసి వస్తుందన్నాడు. "పట్టుకో నాయనా, తప్పు నాది" అని ఆయన సంతకం చేశారు.

యంత్రాల విశ్వసనీయతను కొలిచే పద్ధతులు, పరీక్షించే ప్రయోగశాలలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ కర్మాగారపు ద్వారం దాటేవరకు దానికి కాపలా కాస్తాయి. ఆ తరువాత దానిని కాపాడవలసినది వాడుకొనే చేయి. గ్రంథాలయంలోని పుస్తకం, కళాశాల ప్రయోగశాలలోని సూక్ష్మదర్శిని, బస్సులోని సీటు, ఇవన్నీ మనకు ముందు మరొకరివి, మన తరువాత ఇంకొకరివి. వాటిలోని లోపాన్ని దాచినవాడు తన సొమ్మును మిగుల్చుకొని, ముఖమైనా తెలియని మరొకరి ప్రాణాన్ని పణంగా పెడుతున్నాడు.

కారు వీధి మలుపు తిరిగేవరకు ఆ వృద్ధమాత అరుగు మీద నిలబడి చూసింది. "రేపు దానిలో ఎవరు ఎక్కుతారో పాపం, చల్లగా పోయి రానీ" అన్నది. ఆ దీవెన ఫలించడానికి తన వంతు పని కుమారుడు అప్పటికే చేసి వచ్చాడని ఆమెకు తెలియదు.