ఆండీస్ కొండలమీద మూడు సైకిళ్ళు



కొండ ఎక్కుట కష్టమని అందరమూ అంటాము. దిగుట కూడ కష్టమే. ఆ రెంటికంటె "నాకు బాగా లేదు" అని నోరు తెరచి చెప్పుట ఇంకా కష్టము. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములమీద మాకు ఈ సంగతి తెలిసివచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు.

2018 జూలై నెలలో ఒక కూడిక నిమిత్తము మేము ముగ్గురము పెరూ దేశమునకు వెళ్ళాము. కూడిక ముగిసిన తరువాత కుస్కో పట్టణములో కొద్ది రోజులు మిగిలాయి. "కొండలలో సైకిలు యాత్ర ఉన్నది, గైడు వెంట వస్తుంది, వెళ్ళి చూడండి" అన్నారు అక్కడివారు. మాకు నవ్వు వచ్చింది. సైకిలు మాకు కొత్తదా? వానలో, బురదలో, చేలగట్లమీద ఏళ్ళ తరబడి త్రొక్కినవారమే గదా! ముగ్గురమూ నలభై దాటినవారమైనా, ఆ ధైర్యముతోనే సరే అన్నాము.

కుస్కో సముద్రమట్టమునకు సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. మన అరకులోయ వెయ్యి మీటర్ల లోపే. అంత ఎత్తున గాలి పలుచన. మనము పీల్చే ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు, సముద్రతీరమున అందే దానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే. పది మెట్లు ఎక్కితే ఆయాసము. కొందరికి తలనొప్పి, వాంతులు, నిద్రలేమి. అందుచేత మొదటి రెండు రోజులు ఏ శ్రమా పెట్టుకొనవద్దని చెప్పారు. బస చేసిన చోట కోకా ఆకులు వేసిన వేడినీళ్ళు ఇచ్చారు. అక్కడ అది ఇంటింటా త్రాగేదే. కాని ఆ ఆకు మన దేశములో నిషేధము గనుక సంచిలో వేసికొని రాకూడదు.

మూడవ రోజు ఉదయమే వ్యాను వచ్చింది. పైన సైకిళ్ళు కట్టి ఉన్నాయి. మా గైడు ముప్పై ఏళ్ళు నిండని యువతి, అక్కడి రైతు కుటుంబములో పుట్టినది. ఇంట్లో కెచువా భాష, బడిలో స్పానిష్, మాతో ఇంగ్లీషు. బయలుదేరకముందు ఒక్కొక్కరిని మూడు ప్రశ్నలు అడిగింది. తల ఎట్లున్నది? కడుపు ఎట్లున్నది? రాత్రి నిద్ర పట్టిందా? ముగ్గురమూ ఒకే జవాబు చెప్పాము, "అంతా బాగానే ఉన్నది" అని.

మారాస్ ఊరికి పోయే మైదానము దగ్గర దిగాము. ఆ సైకిలు మన సైకిలు వంటిది కాదు. టైరు లావు, దానికి ట్రాక్టరు చక్రమువలె పళ్ళు. ముందు చక్రముపైన కుదుపు ఆపే స్ప్రింగు. బ్రేకు ఎంత పదునైనదంటే ఒక్క వ్రేలితో నొక్కితే చాలు. ఆమె గట్టిగా చెప్పింది: "ముందు బ్రేకు ఒక్కటే పట్టి నొక్కకండి, తలక్రిందులవుతారు. రెండూ కలిపి మెల్లగా పట్టండి. దిగుడులో సీటుమీదినుండి లేచి శరీరమును వెనుకకు ఉంచండి. లోయను చూడకండి, దారిని చూడండి." చివరకు ఒక స్పానిష్ మాట నేర్పింది. డెస్పాసియో, అంటే మెల్లగా.

చుట్టూ ఎర్రమన్ను. కోత కోసిన బార్లీ, గోధుమ చేలు. మట్టి ఇటుకల ఇళ్ళు, కొన్నిటి కప్పులమీద చిన్న మట్టి ఎద్దుల జత. రంగుల దుప్పటిలో మూట కట్టి వీపున మోసికొంటూ, గొఱ్ఱెలను తోలుకొని పోయే స్త్రీలు. గట్ల వెంబడి మనకు తెలిసిన నీలగిరి చెట్లు. ఉత్తరమున చికోన్, వెరోనికా అనే మంచు శిఖరములు. రెండూ 5,000 మీటర్లు దాటినవే. ఆ మంచు కరిగి వచ్చే నీరే అక్కడి పల్లెలకు ఎండాకాలపు ఆధారము. 1962 నుండి 2020 లోపల పెరూ దేశపు మంచుగడ్డల విస్తీర్ణములో సగానికి పైగా తరిగిపోయినట్లు ఆ దేశపు లెక్కలు చెప్పుచున్నాయి. వాననమ్మి బ్రతికే మనకు ఆ భయము వేరుగా వివరించనక్కరలేదు.

గంటకు పైగా త్రొక్కి మోరాయ్ అనే చోటికి చేరాము. ఇన్కా ప్రజలు నేలలో సుమారు 30 మీటర్ల లోతున గుండ్రని మెట్లమడులు కట్టారు. పైనుండి చూస్తే పళ్ళెములో పళ్ళెము పెట్టినట్లున్నది. పై మెట్టుకు అడుగు మెట్టుకు వేడిలో తేడా ఉంటుంది గనుక ఏ పంట ఎక్కడ పండునో పరీక్షించుటకు కట్టి ఉంటారని కొందరు పరిశోధకుల తలంపు. ఆండీస్ మెట్లసేద్యములో రాతిగోడ పగలు ఎండను పీల్చుకొని రాత్రి వేడిని విడుస్తుంది, మంచు పడి పైరు మాడకుండ కాస్తుంది. మట్టి క్రింద ఇసుక, గులకరాళ్ళు వేస్తారు గనుక నీరు నిలువదు. మనము కూర వండుకొనే బంగాళాదుంప పుట్టిల్లు ఈ కొండలే. ఇక్కడ నాలుగు వేలకు పైగా దుంప రకములున్నాయి. రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు కాళ్ళతో త్రొక్కి నీరు పిండి, ఎండబెట్టిన దుంపలు ఏళ్ళ తరబడి నిలువ ఉంటాయి. దానిని చునో అంటారు.

మోరాయ్ నుండి తిరిగి ఎక్కుడు వచ్చింది. మాలో పెద్దవారు వెనుకబడ్డారు. చిన్నవాడు ఆగి, "అయ్యగారూ, ముఖము వాడిపోయిందే?" అన్నాడు. "ఏమీ లేదు తమ్ముడూ, ఎండ" అన్నారు ఆయన. తరువాత దిగుడులో ఆయన సైకిలు దారి తప్పి, ప్రక్కనున్న దున్నిన చేలో పడింది. ఆయన ఆవలి గట్టుమీద కూర్చున్నారు. దెబ్బ తగలలేదు. మేము సైకిలు లేపుటకు పరుగెత్తాము. గైడు మాత్రము సైకిలువైపు చూడలేదు, ఆయన ముఖమే చూసింది.

"తలనొప్పి ఎప్పటినుండి?"

ఆయన కొంతసేపు నేల చూశారు. "నిన్న రాత్రినుండి."

ఇంతలో వాంతి అయింది. ఆమె నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, కొంత తడవైన తరువాత ఒక పాదము ముందు మరొక పాదము ఆనించి తిన్నగా నడువమన్నది. ఆయన తూలలేదు. ఊరక కూర్చున్నప్పుడు ఆయాసము లేదు, మాట తడబడలేదు. "ఇవి ఉంటే ప్రాణాపాయము. మీకు లేవు. కాని ఈ రోజు మీ సైకిలు వ్యానుమీదికే" అన్నది. ఆయనకు అవమానముగా తోచింది. ఇంత దూరము వచ్చి వ్యాను ఎక్కుటా? కొంచెము ఓర్చుకొంటాననీ, మెల్లగా వస్తాననీ బ్రతిమాలారు.

ఆమె కోపపడలేదు. "ఇకమీద దారి ఒక గజము వెడల్పు, ప్రక్కన లోయ. మీరు పడితే పట్టుకొనుటకు మీ తమ్ముడు దిగుతాడు. అప్పుడు పడినవారు ఇద్దరు. నేను ప్రొద్దున అడిగినది మర్యాద కొరకు కాదండి."

ఆ మాట మా ముగ్గురికీ తగిలింది. నిజము చెప్పవలెనంటే, మిగిలిన మా ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేమూ చెప్పలేదు. ఆయన దొరికిపోయారు, మేము దొరకలేదు, అంతే తేడా. అప్పటికప్పుడు ఆ సంగతి ఆమెతో చెప్పాము. ఆమె మమ్మల్నీ పరీక్షించి, గంటసేపు మారాస్ ఊరిలో కూర్చోబెట్టి, తరువాతనే కదలనిచ్చింది. పెద్దవారిని వ్యానులో ఉరుబాంబా లోయకు దించారు. అది మోరాయ్ కంటె సుమారు 600 మీటర్లు పల్లము. ఎత్తువలన వచ్చిన జబ్బుకు పల్లమునకు దిగుటను మించిన మందు లేదు.

మారాస్ దాటి కొండ అంచుకు రాగానే ఉప్పు మడులు కనబడ్డాయి. సముద్రము ఎక్కడో ఉన్నది, ఇక్కడ ఉప్పు! కొండలోనుండి ఉప్పునీటి ఊట వస్తుంది. చిన్న కాలువగుండా ఆ నీటిని మూడు వేలకు పైగా చిన్న చిన్న మడులకు పారిస్తారు. మడి నిండగానే గండి మూస్తారు. ఎండకు నీరు ఇగిరి తెల్లని, లేత గులాబి రంగు ఉప్పు పేరుకొంటుంది. ఇన్కాల కంటె ముందునుండి ఉన్న పని ఇది. చినగంజాము ఉప్పు రైతు చూస్తే వెంటనే గుర్తుపట్టును. మడులు మారాస్, పిచిన్గోటో కుటుంబములవి. ఎవరి గట్టు వారు సరిచూసికొంటారు. కాలువ మాత్రము అందరిది. ఈ రోజు నీ పనికి నేను, రేపు నా పనికి నీవు అనే పద్ధతిని వారు ఆయ్ని అంటారు. పై మడి గట్టు బీటలువారితే దాచిపెట్టి లాభము లేదు, క్రింది మడివానికి ముందే తెలుస్తుంది. 2019 నుండి ఉప్పు పాడుకాకుండ సందర్శకులను మడుల నడుమకు దిగనివ్వుట లేదు. పైనుండి చూడవచ్చును.

అక్కడినుండి లోయలోనికి సన్నని కాలిబాట. రాళ్ళు చక్రము క్రింద జారుతుంటే చేతులు వణికాయి. రెండు చోట్ల దిగి సైకిలు నడిపించుకొని పోయాము. సిగ్గుపడలేదు. "డెస్పాసియో" అని ఒకరికొకరము చెప్పుకొంటూ ఏటి ఒడ్డుకు చేరాము.

ఉరుబాంబాలో పెద్దవారు వేడి వేడి కినువా సూపు త్రాగుతూ కనబడ్డారు. తలనొప్పి చాలవరకు తగ్గింది. "రాత్రే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మీ యాత్ర చెడగొట్టుట ఎందుకని ఊరకున్నాను" అన్నారు.

మన ఇళ్ళలో జరిగేది కూడ ఇదే కదా. నాట్ల రోజులలో పని ఆగిపోతుందని జ్వరము దాచుకొనే తల్లులు, ఖర్చు అవుతుందని గుండెనొప్పి చెప్పని తండ్రులు ఎందరు! వారు ఇతరుల మేలు కొరకే దాస్తారు, కాని చివరకు ఇల్లంతా పడుతుంది. కనుక మనవారిని "బాగున్నావా?" అని అడిగి ఊరకుండక, ఆ గైడు అడిగినట్లు అడుగుదాము. తల ఎట్లున్నది? కడుపు ఎట్లున్నది? రాత్రి నిద్ర పట్టిందా? అడిగి, జవాబు చెప్పువరకు కొంచెము ఆగుదాము.

ఇది ఆయన అనుమతితోనే వ్రాశాము. "వ్రాయండి, ఈసారి దాచవద్దు" అని ఆయనే అన్నారు.