6 మిల్లీమీటర్ల తేడా

మా ఇంట్లో కొన్ని నెలలుగా భోజనాల దగ్గర కూడా ఇంజన్ కబుర్లే. వంకాయ కూర ఎలా కుదిరిందో ఎవరూ చెప్పరు గానీ, పిస్టన్ ఎంత పైకొస్తుందో మాత్రం నాకిప్పుడు బాగా తెలుసు.

మా ఆయన 2008లో పల్సర్ 200 కొన్నారు. పిల్లాణ్ణి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని అంతర్వేది తీర్థానికి దాని మీదే వెళ్లేవాళ్లం. 2013లో ఆయన కువైట్ వెళ్లారు. అక్కడ కార్ల షెడ్డులో పని. మన కోనసీమలో ఇది కొత్త కథేం కాదు కదండీ, రాజోలు వైపు, అమలాపురం వైపు గడపగడపకీ గల్ఫ్‌లో ఒకరుంటారు.

2022 జూలై వరదకి ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంక మునిగిపోయింది. మనుషులం, గేదె పడవెక్కి బయటపడ్డాం. బండి మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది. ఇంజన్ పట్టేసింది. ఆయన బండి కదా అని అమ్మబుద్ధి కాలేదు. కొబ్బరికాయల పాకలో ఓ మూలన పెట్టి గోనెసంచి కప్పాను.

మావాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి ఆ ఇంజన్ విప్పుతానన్నాడు. విప్పితే క్రాంకు తుప్పు, బేరింగులు తుప్పు, బోరు నిండా గీతలు. 200 మోడల్ 2007లో వచ్చి 2009కే ఆగిపోయింది, దాని సామాన్లు దొరకడం కష్టం. 220 మాత్రం చాలా ఏళ్లు అమ్మారు, సామాన్లు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. పుస్తకాలు తిరగేసి మావాడు పట్టుకున్నదేమిటంటే, రెండింటికీ బోరు ఒకటే, 67 మిల్లీమీటర్లు. స్ట్రోకు మాత్రం దీనికి 56.4, దానికి 62.4.

మన భాషలో చెప్పుకుంటే బోరు అంటే గిన్నె వెడల్పు, స్ట్రోకు అంటే లోతు. అదే వెడల్పు గిన్నె 6 మిల్లీమీటర్లు లోతు పెరిగితే 198.8 సీసీ కాస్తా 220 అవుతుంది. ఇలా స్ట్రోకు పెంచి కట్టే ఇంజన్‌ని స్ట్రోకర్ అంటారట.

అప్పటిదాకా తండ్రీకొడుకుల ఫోన్ మాటలు మూడే. "బాగున్నావా?" "బాగున్నాను." "అమ్మకివ్వు." అంతే. తండ్రి వెళ్లేనాటికి వీడు చిన్నపిల్లాడు. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలీదు. ఆ రాత్రి మాత్రం గంటసేపు మాట్లాడుకున్నారు. కువైట్‌లో అమెరికా కార్లు ఎక్కువ కదా, ఆయనకి ఈ విద్య తెలుసు. షెవ్రొలే 350 బ్లాకులో అదే కంపెనీ 400 ఇంజన్ క్రాంకు పెట్టి, బోరు కాస్త పెంచి 383 చేస్తారట. అయితే 400 క్రాంకు బేరింగుల్లో కూర్చునే చోట్లు లావుగా ఉంటాయి, వాటిని అరగదీస్తేనే పడుతుంది. "ఒకే కంపెనీ సామాన్లని నమ్మేయకు నాన్నా. ప్రతిదీ కొలువు" అన్నారు.

చీటీ డబ్బుల్లోంచి 15,000 ఇస్తాను, అంతకుమించి రూపాయి లేదన్నాను. ఆయన ఒక పద్ధతి చెప్పారు. తిరిగేవి, రుద్దుకునేవి కొత్తవి కొను, కదలకుండా కూర్చునేవి పాతవైనా పర్వాలేదు అని. ఆ లెక్కన 220 క్రాంకు, పిస్టన్, రింగులు, బేరింగులు కొత్తవి. బ్లాకు రాజమండ్రి పాత సామాన్ల కొట్టులోది. దాని బోరు అరుగుదల లేత్ షాపులో కొలిపించాకే డబ్బులిచ్చాడు. గేర్లు, క్లచ్చి, హెడ్డు మన పాతవే. లెక్కంతా నా పాల పద్దు పుస్తకంలో రాశాను.

తర్వాతే అసలు పని. స్ట్రోకు 6 పెరిగితే పిస్టన్ 3 మిల్లీమీటర్లు పైకి, 3 కిందకి అదనంగా వెళ్లాలి. కింద కేసుకి తగలకూడదు, పైన వాల్వులకి తగలకూడదు. మా అమ్మాయి స్కూలు బంకమట్టి అడిగి తీసుకుని పిస్టన్ నెత్తిన పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో మెల్లగా తిప్పి మళ్లీ విప్పాడు. వాల్వు అచ్చు పడిన చోట మట్టి ఎంత మందం మిగిలిందో అంత సందు ఉన్నట్టు. హెడ్డులో గది ఎంతుందో మందుల షాపు సిరంజితో నూనె పోసి కొలిచాడు. లోతైన గిన్నెకి పాత మూతే పెడితే లోపలి గాలీ పెట్రోలూ మరీ గట్టిగా నొక్కుకుని ఇంజన్ నాక్ కొడుతుందట. అవతల ఆయన ఫోన్‌లో చూస్తూ "మళ్లీ కొలువు" అనడం, వీడు విసుక్కోకుండా మళ్లీ కొలవడం. ఒక్కదాన్నీ ఇంటిని లాక్కొచ్చిన ఇన్నేళ్లలో నేను చూడని ముచ్చట అది.

పని సగంలో ఉండగా మావాడు బండికి బిగించి 216 హైవే మీద నడుపుతానన్నాడు. నేను ఆర్సీ తీసి చూశాను. అందులో ఉన్నది పాత సీసీ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో వివరాలకీ కంపెనీ ఇచ్చినవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీ ముందు ఏం చెప్పుకుంటాం? ఎదుటివాడికి దెబ్బ తగిలితే? "రోడ్డెక్కదు" అన్నాను. వాడు అలిగి తండ్రికి ఫోన్ చేశాడు. ఆయన నవ్వి "ఇంటి ఆర్టీవో మీ అమ్మే రా" అన్నారు. ఆయన నా మాట పక్కన నిలబడతారని నేననుకోలేదు సుమండీ.

ఆ ఇంజన్ ఇనుప స్టాండు మీదే మొదలైంది. మొదటి మూడు ప్రయత్నాలకి దగ్గింది, నాలుగోదానికి అందుకుంది. పాకలో కొబ్బరి పీచంతా ఎగిరింది. ఫోన్‌లో ఆయన కళ్లు తుడుచుకున్నారు, పొగ అక్కడిదాకా వెళ్లిందా అని అడిగాను.

కాలేజీలో మార్కులు బాగానే వేశారు. బండికి మాత్రం 200 పాత క్రాంకు కోసం తండ్రీకొడుకులు ఇంకా వెతుకుతున్నారు, దొరికితే ఆర్సీ ప్రకారమే కడతారట. ఈలోగా వాడు బస్సులోనే వెళ్తున్నాడు. రాత్రి ఫోన్ రాగానే బేరింగులు, గ్యాస్కెట్లు అంటూ ఇద్దరూ మొదలెడతారు. కాల్ పెట్టేశాక గానీ గుర్తురాదు, "అయ్యో, అమ్మకివ్వలేదే" అని.