మట్టాంచేరి: పక్కపక్క గోడల లెక్క

కొచ్చి పాతబస్తీని కాలినడకన చూపించే గైడ్లు ఇంచుమించు ఒకే దారి పడతారు. ఫోర్ట్ కొచ్చి ఒడ్డున చీనవలల దగ్గర బయల్దేరి, వాస్కో డ గామాను మొదట ఖననం చేసిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, శాంతాక్రూజ్ బసిలికా చూపించి, మట్టాంచేరి రాజభవనం మీదుగా యూదుల వీధికి చేరుస్తారు. అన్ని మతాలూ ఇక్కడ అన్నదమ్ముల్లా బతికాయన్న మాట దారి పొడవునా వినిపిస్తుంది. అది అబద్ధమని కొట్టిపారేయలేం. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఊరు అర్థం కాదు. ఇక్కడి సహజీవనానికి అవసరమే పునాది. రాజుకు వర్తకులు కావాలి, వర్తకులకు రాజు అండ కావాలి. ఆ పరస్పర అవసరం ఉన్నంతకాలం ఏర్పాటు నిలబడింది. అది సడలిన చోటల్లా బీటలు వారింది.

రేవు పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. 1341లో పెరియార్ నదికి వచ్చిన పెద్ద వరదతో కొడుంగల్లూరు రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త దారి తెరుచుకుందని చెబుతారు. మిరియాల బేరం ఇటు మళ్లింది. కొచ్చి రాజు చిన్న రాజు, ఉత్తరాన కోళిక్కోడు సామూదిరి పెద్ద శత్రువు. ఓడలు, సొమ్ము, విదేశాల్లో పలుకుబడి ఉన్నవాళ్లను దగ్గర ఉంచుకోవడమే ఆయనకు బలం. అందుకే యూదులకు తన భవనాన్ని ఆనుకునే స్థలం ఇచ్చాడు. 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌కూ రాజుగారి గుడికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. లోపల నేలంతా చైనా నుంచి ఓడలో తెప్పించిన నీలి పింగాణీ పలకలు. చేత్తో గీసినవి కనుక ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. భక్తి, బేరం ఎంతగా కలిసిపోయాయో ఆ నేలే చెబుతుంది.

బీటలూ ఆ నడకదారిలోనే కనిపిస్తాయి. యూదులు డచ్చివారికి సాయపడ్డారన్న కోపంతో 1662లో పోర్చుగీసులు ఈ సినగాగ్‌ను ధ్వంసం చేశారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1653లో, పోర్చుగీసు మతాధికారుల పెత్తనం ఒప్పుకోబోమని సిరియన్ క్రైస్తవులు మట్టాంచేరిలోని శిలువ దగ్గర ప్రమాణం చేశారు. గోవాలో పోర్చుగీసుల వేధింపులు పడలేక వచ్చిన కొంకణులు తిరుమల దేవస్వం గుడిలో మన వేంకటేశ్వరుణ్నే ప్రతిష్ఠించుకున్నారు. 1791లో సాక్షాత్తు కొచ్చి రాజు శక్తన్ తంపురానే వాళ్లపై విరుచుకుపడితే, విగ్రహంతో సహా ఆలప్పుళ వైపు వెళ్లిపోయారు. స్వామి తిరిగి వచ్చింది 1853లో. ఆశ్రయమిచ్చిన సింహాసనమే అవసరం మారితే తరిమింది. ఒక మతం లోపలి గోడలైతే మరీ ఎత్తు. దాస్యం నుంచి విడుదలైన యూదుల వారసుల్ని పరదేశి సినగాగ్‌లో మిగతావారితో సమానంగా కూర్చోనిచ్చేవారు కాదు, న్యాయవాది ఎ.బి. సేలం దాని మీద సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది.

ఇలా అంతా లాభనష్టాల లెక్కే అంటే మనుషుల మంచితనాన్ని తక్కువ చేసినట్టు కాదా అని అడగవచ్చు. కాదనే అంటాను. మంచితనం మీదే ఆధారపడిన పొత్తు, మనసు మారిన రోజున పోతుంది. దానపత్రం, వీధి హద్దు, వ్యాపార ఒప్పందం ఉన్నప్పుడు మనసులు కలవని రోజున కూడా పక్కింటివాడి గుమ్మం భద్రంగా ఉంటుంది. యూదులు చివరికి వెళ్లిపోయారు కదా అన్నది మరో ఆక్షేపణ. 1950లలో వాళ్లలో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వెళ్లింది ఎవరో తరిమితే కాదు, కొత్త దేశం పిలిస్తే. శతాబ్దాలపాటు నిలిచిన ఏర్పాటును ఆ ప్రయాణం ఓడించలేదు.

విహారానికి వచ్చినవాళ్లకు ఈ గొడవలెందుకన్న అభ్యంతరంలోనూ కొంత న్యాయముంది. రెండు గంటల్లో ఎవరూ అన్నీ చెప్పలేరు. అయినా ఇక్కడి యూదుల్లోనే మరో వర్గమైన మలబారు యూదుల కడవుంభాగం సినగాగ్ ముందు ఒక్క నిమిషం ఆగితే చాలు. అది 1544 నాటిది, పరదేశి సినగాగ్ కన్నా పాతది. దాని లోపలి చెక్కపని జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో పదిలంగా ఉంటే, ఇక్కడి కట్టడం గిడ్డంగిగా మారి 2019 వానలకు కొంత కూలింది. ఏ గోడకు కాపలా దొరికింది, దేనికి దొరకలేదు అని అడిగే నడక ఈ ఊరికి ఎక్కువ మర్యాద చేస్తుంది.