సరస్సునకు సెలయేటి ఋణము



గడచిన వేసవిలో మాగాయ పెట్టునపుడు ఊటను వెడల్పు పళ్ళెములో ఎండ నుంచి మఱచితిమి. నాలుగవ దినమున చూడగా సగమింకి, నాలుక నంటరానంత ఉప్పనై యుండెను. "ఉప్పు పెరుగలేదు, నీరు తరిగినది. మోనో సరస్సు కథయు నిదియే" యని మావారు నవ్విరి. వారు బడిలో భూగోళము చెప్పుదురు. ఆ సాయంకాలము వారు చెప్పిన కథ మా మనస్సును విడువలేదు.

అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రములో, సియెర్రా నెవాడా పర్వతముల తూర్పు పాదమున మోనో సరస్సు కలదు. వేసవి సమీపింపగా కొండలపై మంచు కరగి, రష్, లీ వైనింగ్ మొదలగు వాగులుగా దిగి దానిని చేరును. నీరు వచ్చుటకే గాని పోవుటకు దారి లేదు. సూర్యుడు నీటిని మాత్రము గైకొని ఉప్పును విడిచిపోవును. కావున నది సముద్రముకంటెను ఉప్పన, చేపలు బ్రతుకవు. అయినను చిన్న ఉప్పురొయ్యలును, ఒడ్డున ముసరు ఈగలును లెక్కకు మిక్కిలిగా నుండి, లక్షల పక్షుల కాహారమగుచున్నవి.

నదులు సముద్రుని పత్నులని మన కవుల వర్ణన. ఈ చిన్న సముద్రునికి ఆ వాగులే సర్వస్వము. 1941 మొదలు లాస్ ఏంజిలిస్ నగరము వానిలో నాలుగింటిని త్రిప్పి, కొండక్రింది సొరంగము గుండ, దాదాపు 350 మైళ్ళ దూరమున నున్న తన యిండ్లకు కొనిపోయెను. ఉప్పునీటిలో కలసిపోవు మంచినీరు మనుష్యుల దాహము తీర్చిన తప్పేమి? మేమును మొదట నట్లే యంటిమి.

కాని 1982 నాటికి మట్టము 45 అడుగులు తగ్గినది, నీరు సగమైనది, ఉప్పుదనము రెట్టించినది. బయటపడిన అడుగునేల నుండి క్షారధూళి గాలికి లేచెను. 1979లో నెగిట్ అను దీవికిని ఒడ్డునకును నడుమ నేల తేలగా, కొయొటీ లను తోడేలుజాతి మృగములు నడచిపోయి గూళ్ళపై బడెను. వేలకొలది గల్ పక్షులు ఆ దీవిని విడిచిపోయెను.

1983లో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము, ఇట్టి జలములు ప్రజలందఱి పక్షమున ప్రభుత్వము కాపాడవలసినవనియు, పూర్వమిచ్చిన హక్కులనైనను మరల విచారింపవచ్చుననియు తీర్పు చెప్పెను. 1994లో అచ్చటి జలమండలి, సరస్సు సముద్రమట్టమునకు 6,392 అడుగుల యెత్తు వఱకు నిండవలెనని నిర్ణయించెను. ముప్పది యేండ్లు దాటినను సరస్సా యెత్తునకు చేరలేదు. తీసికొనినంత త్వరగా తిరిగి యిచ్చుట సాధ్యము కాదు గదా!

నగరమును దప్పికతో నుంచుట సరస్సు పక్షమువారి కోరిక కాదు. 1990 దాటిన పిదప తూర్పు లాస్ ఏంజిలిస్ లోని తల్లుల సంఘమొకటి, ఇండ్లలో తక్కువ నీటితో శుభ్రమగు మరుగుదొడ్లు పెట్టించుటకు పూనుకొనెను. ఆ పనిలో పేటవారికి జీతములును దొరికినవి. నీటిపొదుపు ఇంటిలో మొదలగునని వారు చూపిరి.

ఆ రాత్రి మాకు మా వీధి జ్ఞప్తికి వచ్చినది. మా యిల్లు వీధి మొదట నున్నది. కొళాయి వచ్చినతోడనే గొట్టము తగిలించి, తొట్లు నింపి, మల్లెపాదులు తడిపి, వాకిలి కడుగుట మా వాడుక. మేము కట్టువఱకు వీధి చివరి యింట నొంటిగా నున్న వృద్ధురాలి కొళాయిలో చుక్క రాలదు. ఆమె ఖాళీబిందె ముందు కూర్చుండుట పలుమారులు చూచియు, అది మా పని యని తోచలేదు. ఆమె నీటిని మేమడుగలేదు, దారిలోనే త్రిప్పుకొంటిమి.

మఱునాటినుండి ఒక తొట్టియు రెండు బిందెలును నిండగనే కట్టివేయుచున్నాము. మల్లెలకు బియ్యము కడిగిన నీరే పోయుచున్నాము. వారము గడవకమున్నే ఆమె మా యరుగుపై కూర్చుండి, "ఈ యేడు నీళ్ళు బాగా వస్తున్నాయమ్మా, అంతా దేవుడి దయ" యనెను. నిజము చెప్పుటకు మాకు నోరు రాలేదు. కావున నిచ్చట వ్రాయుచున్నాము.