చేపల పురిటింట్లో ఒక రాత్రి

బొచ్చె పులుసు పెట్టడంలో మీకు మీరే సాటి, ఒప్పుకుంటాను! కానీ మీ దాకలో కుతకుతలాడే ఆ చేప ఎక్కడ పుట్టిందో ఎప్పుడైనా ఆలోచించారా? "ఇంకెక్కడ, చెరువులో" అనేస్తారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, కైకలూరు దగ్గర ఒక హేచరీలో రాత్రంతా జాగారం చేసి వచ్చేదాకా.

సరదాకి వెళ్లలేదు లెండి. మా పిన్ని కొడుకు అక్కడ టెక్నీషియన్. "వాడికి ముప్ఫై దాటాయే! అబ్బాయి ఏం చేస్తాడంటే చేపలకు ఇంజెక్షన్లు చేస్తాడని చెప్పాల్సి వస్తోంది. పెళ్లివారు నవ్వుకుంటూ వెళ్లిపోతున్నారు. బట్టల కొట్లో లెక్కలు రాసే పని చూశాం, నువ్వు చెబితే వింటాడు, తీసుకొచ్చెయ్" అని పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. అలా రాయబారానికి బయల్దేరాను.

విజయవాడలో భీమవరం వైపు వెళ్లే రైలెక్కాను. గుడివాడ దాటి మండవల్లి వచ్చేసరికి కిటికీకి రెండు వైపులా నీళ్లే నీళ్లు! చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు, వాలిన కొంగలు. కొల్లేరు పక్కనున్న ఈ కైకలూరు ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, 2022 నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా వెళ్తాయి.

ఉత్తుత్తి వాన

"అక్కా, బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడూ నది చేపలు. చెరువులో ఎంత మేపినా పెరుగుతాయి గానీ, నిలవ నీట్లో గుడ్లు పెట్టవు. వాటికి వాన కురవాలి, వరద పారాలి" అన్నాడు మావాడు. అందుకే పూర్వం నదుల్లో వలలు కట్టి పిల్లల్ని పట్టేవారట. అందులో మంచి పిల్లతోపాటు పనికిరానిదీ వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు ఇంజెక్షన్‌తో ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నారు.

ఆ మందు దేనితో చేసేవారో తెలుసా? చేప మెదడు కింద చిన్న గింజంత గ్రంథి ఉంటుంది. దాన్ని తీసి, నూరి, నీళ్లలో కలిపి ఎక్కించేవారు. మనం పులుసు కోసం బేరమాడి తెచ్చుకునే తలకాయలోనే ఉంది అంత మహిమ! ఇప్పుడు ఓవాప్రిమ్‌లాంటి తయారు మందులు వచ్చి పని సులువైంది.

సాయంత్రం తల్లి చేపల్ని వలతో పట్టారు. మావాడు ఒక్కొక్కదాన్నీ ఒడిలో బిడ్డలా పట్టుకుని చూశాడు. పొట్ట ఉబ్బి మెత్తగా ఉంటే ఆడది. రొమ్ము దగ్గరి రెక్క గరుకుగా తగిలి, పొట్ట మెల్లగా ఒత్తగానే పాలలాంటి ద్రవం వస్తే మగది. తూకం వేసి, బరువును బట్టి మందు లెక్కకట్టి ఎక్కించి, గుండ్రటి తొట్టిలో వదిలారు. తొట్టిలో నీళ్లు గిరగిరా తిరుగుతుంటాయి, పైనుంచి గొట్టాల్లోంచి జల్లు పడుతుంటుంది. తిరిగే నీరు నది, పడే జల్లు వాన! తెల్లవారుజామున చూద్దురు కదా, తొట్టినిండా గుడ్లు, అచ్చం ఉడికిన సగ్గుబియ్యం. నిగనిగలాడేవి మంచివి, తెల్లగా పాలిపోయినవి చచ్చినవి.

కన్నంటుకుంటే...

అసలు జాగారం ఆ పక్క తొట్టి దగ్గర. అందులో ముందురోజు గుడ్లున్నాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటల్లో పిల్ల బయటికొస్తుంది. అప్పుడు గుడ్ల పెంకులు, అంటే సన్నటి పొరలు, నడిమి జల్లెడ గుడ్డకు అంటుకుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు బ్రష్‌తో దులపకపోతే నీరు బయటికి పోయే దారి మూసుకుని తొట్టి పొర్లిపోతుంది, నీళ్లతోపాటు పిల్లలూ కాలువ పాలు!

అర్ధరాత్రి కరెంటు పోయింది. నా గుండె జారిపోయింది. నీటి ప్రవాహం ఆగితే గుడ్లు అడుక్కి చేరి, ఊపిరాడక చస్తాయి. పైన ట్యాంకు నీళ్లు కాసేపు ఆదుకుంటాయి. ఈలోగా మావాడు టార్చిలైటు పట్టుకుని డీజిల్ ఇంజను దగ్గరికి పరుగెత్తాడు. అది రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. వాడు మళ్లీ వచ్చి మోకాళ్లలోతు నీళ్లలో దిగి జల్లెడ దులపడం మొదలెట్టాడు.

నేను మెల్లగా పిన్ని మాట ఎత్తాను. వాడు తల ఎత్తకుండానే, "పోయినేడు ఒక రాత్రి గంటసేపు కన్నంటుకుందక్కా. లేచేసరికి తొట్టి పొర్లి పిల్లంతా పోయింది. యజమాని ఒక్క మాట అనలేదు. నాకే రెండ్రోజులు అన్నం సయించలేదు. బట్టల కొట్లో లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. ఇక్కడ కుదరదు. అందుకేనేమో, వదల్లేకపోతున్నా" అన్నాడు.

ఇంకేం మాట్లాడతాను? రెండో బ్రష్ తీసుకుని ఇవతల కూర్చున్నాను.

వెంట్రుక ముక్కల్లాంటి ఆ పిల్లలకు మూడు రోజులు మేత అక్కర్లేదట, పొట్ట కింది సొనే ఆహారం. ఆ తర్వాత చిన్న జాలి కప్పుతో కొలిచి, నీళ్లు, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రైతులకిస్తారు.

మీరూ వెళ్లాలంటే

జూన్ నుంచి ఆగస్టు వరకు మంచి అదను. కైకలూరులో రైలు ఆగుతుంది, గుడివాడ నుంచి బస్సులూ ఉన్నాయి. ముందుగా యజమాని అనుమతి అడగండి. సబ్బు, నూనె అంటిన చేతులు తొట్టిలో పెట్టకండి. గచ్చు జారుతుంది, చీర కాస్త ఎత్తి కట్టుకోండి సుమా!

నేను ఒంటరిగా తిరిగి రావడం చూసి పిన్ని ముఖం ముడుచుకుంది. "పెళ్లివారు అడిగితే ఇంజెక్షన్లని చెప్పకు పిన్నీ, లక్షల పురుళ్లు పోస్తాడని చెప్పు" అన్నాను. పిన్ని పలకలేదు. కానీ ఆ ఆదివారం చేప కడుగుతూ, "పాపం, వాడు రాత్రిళ్లు తిన్నాడో లేదో" అని గొణుక్కుంది.