పేరున్నది, ఊరేది?



ఉభయచరాల పాఠంలో కప్పతోబాటు సాలమాండర్ పేరు కూడ వస్తుంది. కొట్పాడ్‌లో నేను తెలుగు నేర్పే పిల్లలు ఇంట తెలుగు, వీధిలో దేశియా, బడిలో ఒడియా మాట్లాడుతారు. కప్ప అనగానే "బెంగొ" అని ఉత్సాహంగా అందుకొంటారు. సాలమాండర్ దగ్గర మాత్రం మూడు భాషలలో ఏదీ ఆదుకోదు. బొమ్మను చూచి బల్లి అంటారు. ఇందులో పిల్లల లోపమేమీ లేదు. పాఠం ఆ జీవికి పేరు చెప్పింది గాని ఊరు చెప్పలేదు.

బల్లి ఒంటినిండా పొలుసులుంటాయి. సాలమాండర్‌ది పొలుసులు లేని తడి చర్మం. వీటిలో అధిక భాగం ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాలలో నివసిస్తాయి. మన దేశంలో డార్జిలింగు, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్, మణిపూర్ వంటి ఈశాన్యపు కొండ ప్రాంతాలలోనే కానవస్తాయి. తూర్పు కనుమలలో లేవు. ఉష్ణమండలపు పల్లపు వర్షారణ్యంలో వీటిని చూడగోరితే అమెరికా ఖండాలకు పోవలసినదే. అమెజాన్ అడవులలో బొలిటోగ్లాసా ప్రజాతికి చెందినవి రాత్రివేళ ఆకులపై తిరుగుతాయి. వాటికి ఊపిరితిత్తులు లేవు. చర్మంతోను, నోటి లోపలి పొరతోను శ్వాసిస్తాయి. గుడ్డునుండి నేరుగా చిన్న సాలమాండరే వెలువడుతుంది. నీటిలో ఈదే దశ ఉండదు. "కొంతకాలం నీటిలో, కొంతకాలం నేలపై" అని మనం వల్లె వేయించే నిర్వచనం వాటికి సరిపడదు.

మరి మన కనుమల మాటేమిటి? ఇక్కడ సాలమాండర్ లేకున్నా దానికి, కప్పకు బంధువైన మరొక ఉభయచరం ఉన్నది. నాటి విశాఖపట్నం జిల్లా కొండలలో, సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన కాళ్ళులేని ఒక జీవిని శాస్త్రజ్ఞులు 2013లో కొత్త జాతిగా వర్ణించి, గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అని నామకరణం చేశారు. పైకి వానపామువలె ఉంటుంది. కాని దానికి వెన్నెముక ఉన్నది. ఆ కొండల వరుసే కొరాపుట్ వైపు సాగి వస్తుంది.

అందుచేత నా మనవి ఒక్కటే. పాఠాన్ని కప్పతో ఆరంభించి, ఈ కాళ్ళులేని బంధువును పరిచయం చేసి, ఆ తరువాతనే సాలమాండర్‌ను చెప్పండి. గోడమీది పటంలో మూడింటి చోట్లను పిల్లలచేతనే గుర్తింపజేయండి. ఒడియాలోనూ ఉభయచర అన్న మాటే ఉన్నది గనుక, బడిలో విన్నదీ ఇంట చదివినదీ ఒకటేనని వారికి తెలుస్తుంది. అర్థం కాని పేర్లను కంఠస్థం చేయిస్తే, పిల్లవాడు విసుగును పాఠంపై గాక తెలుగుపై చూపుతాడు. ఇతర రాష్ట్రంలో తెలుగు చెప్పే మనకు అది తీరని నష్టం.