గింజ గింజకు గుణభేదము

ఆదిలాబాదు జిల్లాలోని మా పల్లెలో ఒక వేసవి సెలవులలో నేను చేసిన తెలివితక్కువ పనిని ఇన్నాళ్ళకు ఒప్పుకొనుచున్నాను. సోయా చిక్కుడు గింజలో మాంసకృత్తులు నూటికి దాదాపు 40 పాళ్ళుండునని చదివి, ఇంటిలోని గింజలను వేయించకనే నూరి, అమ్మీ పెంచుచున్న కోడిపిల్లల మేతలో కలిపినాను. నెల గడచినను అవి ఎదగలేదు. గ్రుడ్లమ్మి నాకు పుస్తకములు కొనిపెట్టిన తల్లి ఆమె. కోపగించలేదు. “ఏ పప్పునైనా ఉడికించకుండా తింటామా, బేటా?” అని మాత్రమన్నది.

కళాశాలకు తిరిగివచ్చిన పిదప వృక్షశాస్త్రము బోధించు మిత్రుడు కారణము చెప్పినాడు. గింజలోని మాంసకృత్తు ఒకటి కాదు, పలు విధములు. గ్లైసినిన్, బీటా-కాన్‌గ్లైసినిన్ అనునవి ప్రధానమైనవి. మొదటిదానిలో గంధకము గల అమైనో ఆమ్లములు హెచ్చు; రెండవదానిలో తక్కువ. ఈ రెండింటి పాళ్ళు వంగడమును బట్టి మారుచుండును. వీటి నడుమ ట్రిప్సిన్ నిరోధకము అను మరొక మాంసకృత్తు కలదు. అది జీర్ణక్రియకు అడ్డుపడును. 1945లో కూనిట్జ్ దానిని స్ఫటికరూపమున వేరుచేసినాడు. బాగుగా వేడిచేసినచో దాని బలము చాలవరకు నశించును. పుస్తకమెరిగిన నాకు తెలియనిది పొయ్యి ఎరిగిన అమ్మీకి తెలిసినది.

అంతకంటె ఆశ్చర్యము గొలిపినది మరొకటి. కొరియా నుండి సేకరించిన కొన్ని గింజలలో కూనిట్జ్ కనుగొన్న ఆ నిరోధకము సహజముగనే లేదు. ఆ లేమి వంశపారంపర్యముగ ఎట్లు సంక్రమించునో 1979లో ఆర్ఫ్, హైమోవిట్జ్ అను శాస్త్రజ్ఞులు వివరించినారు. మన దేశమున ఇండోరులోని పరిశోధనా సంస్థ రూపొందించిన ఎన్.ఆర్.సి. 127 అను వంగడమునకును ఆ గుణము కలదు. ఇతర నిరోధకములు కొన్ని మిగిలియుండును గనుక వాటినైనను ఉడికించియే తినవలెను. అయినను శ్రమ తగ్గును. వెలుపల చూచిన అన్ని గింజలును ఒకటే. ఒకదానిలోని లేమియే దాని మేలు.

ఏటేటా జవాబు పత్రములు దిద్దుచు, సగటును చూచి పిల్లల యోగ్యతను నిర్ణయించు అలవాటు నాకును కలదు. నూటికి 40 అను అంకె నమ్మి కోడిపిల్లలను చెరచినవాడను. ఇప్పుడొక విద్యార్థి పేరు ప్రక్కన “లోపము” అని వ్రాయబోవునప్పుడు ఆ కొరియా గింజలు గుర్తుకు వచ్చి, కలము ఒక్క క్షణమాగుచున్నది.